నెల్లూరు, ఒంగోలు పల్లెల మీదుగా వేసవి సైకిలు ప్రయాణాలు: దారులు, వేళలు, జాగ్రత్తలు

పినాకిని_తీరం (నెల్లూరు):

సభ్యులందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో మా వీధివాళ్లం కొందరం కలిసి ఆదివారాలు సైకిళ్ల మీద చుట్టుపక్కల పల్లెలు తిరిగి రావాలని అనుకుంటున్నాం. మాలో ఎవరికీ పందేల మీద ఆసక్తి లేదు. గేర్ల సైకిలు ఒక్కరి దగ్గరే ఉంది, మిగిలినవన్నీ పిల్లలు బడికి తొక్కి వదిలేసిన మామూలు సైకిళ్లే. యాభై దాటినవాళ్లున్నారు, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్లలూ ఉన్నారు. కాలవ గట్టున కాసేపు కూర్చుని, ఊళ్లో టీ తాగి, గుడి కనిపిస్తే దణ్ణం పెట్టుకుని, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలన్నదే మా కోరిక.

ముందుగా మైపాడు తీరం అనుకున్నాం. వెళ్లేందుకు పాతిక కిలోమీటర్లకు మించదు కాబట్టి పెద్ద కష్టమేమీ కాదని ఒకరు, మే నెలలో తిరుగు ప్రయాణం ఏడిపిస్తుందని ఇంకొకరు వాదించుకుంటున్నారు. అనుభవం ఉన్నవారు దారి, వేళ, వెంట ఉంచుకోవలసినవి చెప్పగలరని మనవి. జాతీయ రహదారి మాత్రం వద్దు.

ఎడగారు (ఇందుకూరుపేట):

పినాకిని గారూ, భయపెట్టినాయన చెప్పిందే నిజం, అయితే కారణం దూరం కాదు, గాలి. వేసవిలో మా వైపు సైకిలు తొక్కేవారు కిలోమీటర్ల లెక్క కన్నా ముందు గాలి లెక్క చూసుకోవాలి.

తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది కనుక గాలి భూమి మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. నెల్లూరు నుంచి తూర్పుగా వచ్చేవారిని అది వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఎంత దూరం వచ్చామో, ఎంత శక్తి మిగిలిందో తెలియకుండానే మైపాడు చేరిపోతారు. అక్కడ అలల్లో ఆడుకుని, ఫలహారం చేసి, తొమ్మిదింటికి తిరుగుముఖం పట్టేసరికి అదే పడమటి గాలి వేడెక్కి ముఖాన కొడుతుంది. తీరం వైపు రొయ్యల గుంటలు ఎక్కువై చెట్ల నీడ తగ్గిపోతుంది. మామూలు సైకిలు మీద, పిల్లలతో, ఆ వేళలో ఎదురుగాలికి తొక్కడం నింపాది ప్రయాణం అనిపించుకోదు.

అందువల్ల ఉదయం పూట పళ్లిపాడు దాకా వచ్చి వెనక్కి వెళ్లండి. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహాశ్రమం అక్కడ పెన్న ఒడ్డునే ఉంది. దక్షిణాఫ్రికాలో ఆయనకు ఆప్తుడైన పార్సీ రుస్తుంజీ ఇచ్చిన విరాళంతో కట్టిన భవనాన్ని చూపించడానికి, పొట్లపూడికి చెందిన స్వాతంత్ర్య పోరాట నాయకురాలు పొణకా కనకమ్మ గారు ఆ ఆశ్రమానికి చేసిన సాయాన్ని పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మే నెలలో ఆరింటికి ముందే తెల్లవారిపోతుంది కాబట్టి అయిదుంబావుకల్లా కదిలితే, ఏటి ఒడ్డున తీరిగ్గా కూర్చున్నా కూడా ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉంటారు.

మైపాడును సాయంత్రానికి ఉంచుకోండి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. నాలుగున్నరకు బయలుదేరితే వెళ్లేటప్పుడు ఎదురుగాలే అయినా అది చల్లటి గాలి, వచ్చేటప్పుడు అదే మీకు సాయం చేస్తుంది. ఒక్క హెచ్చరిక: ఈ లెక్క ఏప్రిల్లో, మే మొదటి వారాల్లో చక్కగా కుదురుతుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి అంత బలంగా ఉంటుంది కనుక సముద్రపు గాలి ఒక్కోనాడు పొద్దుగూకేదాకా లోపలికి రాదు, కొన్నాళ్లు అసలే రాదు. ఆ పదిహేను రోజులూ మైపాడు మాట మరిచిపోవడం మేలు.

కానుగ_నీడ (బుచ్చిరెడ్డిపాళెం):

ఎడగారు గారు చెప్పిన గాలి సూత్రాన్నే తిరగేస్తే ఉదయపు ప్రయాణానికి ఇంకో మంచి దిక్కు దొరుకుతుంది. పొద్దున వెళ్లేవారు పడమర వైపు రావాలి. చల్లపూట, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే కొద్దిపాటి ఎదురుగాలి అయిపోతుంది. అలసిపోయి వెనక్కి వచ్చేటప్పుడు గాలి వీపున ఉంటుంది. ఇందులో చిక్కల్లా ఒకటే: తూర్పుకు తిరిగి వచ్చేటప్పుడు సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడు కనుక అంచున్న టోపీ తప్పనిసరి.

పెన్న వంతెన దాటి కోవూరు మీదుగా మా బుచ్చి వైపు రండి. కోదండరామస్వామి గుడి చూసుకుని, జొన్నవాడ వెళ్లి కామాక్షమ్మను దర్శించుకుని, ఏటి ఒడ్డున అరగంట గడిపితే అవతలి వైపు నరసింహకొండ కనిపిస్తూనే ఉంటుంది. కొండ ఎక్కాలన్న ఉత్సాహాన్ని ఆ పూటకు అణచుకోండి. ముంబై వెళ్లే రహదారి మీద లారీలు ఆగకుండా తిరుగుతాయి కనుక దాన్ని అడ్డంగా దాటడమే తప్ప దాని మీద తొక్కవద్దు, లోపలి ఊళ్ల రోడ్లు పట్టుకోండి. సోమశిల జలాశయం నుంచి నీళ్లు వదిలిన ఏడు ఎడగారు వరి, అంటే వేసవి పంట, వేస్తారు కాబట్టి నడివేసవిలో కూడా ఈ రోడ్లకు రెండు వైపులా పచ్చగా ఉంటుంది, కాలవ పక్కన గాలి కూడా కాస్త తేలికగా ఉంటుంది. నీళ్లు రాని ఏడు ఇదే దారి బీటలు తీసిన మళ్ల మధ్య సాగుతుంది. అప్పుడు ఎనిమిదింటిదాకా ఆగకుండా ఏడున్నరకే ఇల్లు చేరేలా చూసుకోండి.

నీడ విషయంలో ఒక మాట. మ్యాపులో దగ్గర దారి వెతికే బదులు చెట్లున్న దారి వెతకండి. కానుగ చెట్టు వేసవి మొదట్లో కొత్త ఆకు తొడుక్కుని మే నెలకల్లా చిక్కటి నీడ ఇస్తుంది. చింతచెట్ల కింద కూడా హాయిగా ఉంటుంది. తాడి చెట్టు నీడను నమ్ముకుని ఆగినవాడి గతి మీకు తెలిసిందే.

వేగం_ముఖ్యం (ఒంగోలు):

ఇన్ని లెక్కలు చూస్తుంటే మీరు సైకిలు తొక్కడానికి వెళుతున్నారా, పంచాంగం చూసుకుని పెళ్లికి తరలుతున్నారా అన్న అనుమానం వస్తోంది. గంటకు 25 కిలోమీటర్లు తొక్కగలిగినవారు మైపాడు వెళ్లి ఏడున్నరకల్లా నెల్లూరులో ఉండవచ్చు. ప్రతి ఊళ్లోనూ ఆగుతూ పోతే ఒంటికి వ్యాయామం ఎక్కడిది?

ఎడగారు (ఇందుకూరుపేట):

మీరు తొక్కగలరు, సంతోషం. వారు అడిగింది యాభై ఏళ్లవాళ్లు, పదిహేనేళ్ల పిల్లలు, బడి సైకిళ్ల గురించి. ఆ గుంపు గంటకు 12 కిలోమీటర్లు తొక్కితే గొప్ప.

గుండ్లకమ్మ (ఒంగోలు):

మా జిల్లా దారుల గురించి కూడా నాలుగు మాటలు రాస్తాను, నెల్లూరు మిత్రులు ఒకసారి ఇటు రావచ్చు.

ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు, అంటే కర్నూలు రోడ్డు మీద, గ్రానైటు లారీలుంటాయి కాబట్టి ఆ దిక్కు వదిలేయండి. మాకు సుఖమైన దిక్కులు రెండు. ఒకటి కొత్తపట్నం. గాలి లెక్క మైపాడుకు చెప్పినదే, కనుక సాయంత్రం వెళ్లడమే తెలివి. సముద్రం దగ్గరపడి బకింగ్‌హాం కాలువ దాటాక నేల రంగు మారిపోయి ఇసుక భూములు, సర్వి తోటలు, జీడిమామిడి తోపులు వస్తాయి. అక్కడ తప్పక ఆగి చూడవలసినవి దొరువులు. ఇసుకలో కొద్ది అడుగుల లోతుకు ఏటవాలుగా తవ్విన ఆ గుంటల్లో, ఉప్పు సముద్రానికి అంత దగ్గరలో కూడా తియ్యటి నీరు ఊరుతుంది. వానకు ఇసుకలోకి దిగిన మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలి నిలుస్తుంది. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది కనుక పైపైనే తవ్వుతారు. ఒకప్పుడు రైతు రెండు చేతులా రెండు కడవలతో దొరువులోకి దిగి, అవి నిండగానే పైకి నడిచివచ్చి కూరగాయల మళ్లకు పోసేవాడు. ఇప్పుడు చాలాచోట్ల మోటార్లు వచ్చాయి. గట్టు మీద నిలబడి చూడండి, కాళ్లు కడుక్కోవడానికి మాత్రం దిగకండి. అది పంటకూ పశువుకూ వాడుకునే నీరు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఇంకో సంగతి. 1937 మే నెలలో, ఇదే మండుటెండల్లో, యువకులకు రాజకీయ ఆర్థిక పాఠాలు చెప్పే వేసవి పాఠశాలను కొత్తపట్నంలోనే నడిపారు, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ రోజుల్లో వచ్చినవారిలో సైకిళ్ల మీద వచ్చినవారూ ఉండే ఉంటారని నా ఊహ.

రెండో దిక్కు కారవడి. ఒంగోలు గిత్తలకు పేరున్న ఊరు. ఎత్తైన మూపురం, తెల్లటి ఒళ్లు, నల్లటి ముట్టె ఉన్న జత పొద్దున్నే నీళ్లకు వెళుతుంటే సైకిలు దిగి పక్కకు నిలబడడం మర్యాదే కాదు, క్షేమం కూడా. ఈ జాతి సంతతే బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ అన్న పేరుతో లక్షలకు లక్షలుగా పెరిగిందని పిల్లలకు చెబితే నమ్మరు. పేరు నెల్లూరుది, పశువు ఒంగోలుది. ఈ తగవు ఇక్కడ వద్దు. ఓపిక ఉంటే నాగులుప్పలపాడు మండలంలోని వినోదరాయునిపాలెం కూడా చూడవచ్చు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872లో పుట్టిన ఊరది.

పంక్చరు_డబ్బా (కావలి):

ఒకప్పుడు సైకిలు షాపు నడిపినవాడిని కాబట్టి నా వంతు చెబుతాను. వేసవిలో మీ ప్రయాణం ఆపేది లారీ కాదు, పల్లేరుకాయ. ఎండిన పల్లేరుకాయ రోడ్డంచున మట్టిరంగులో కలిసిపోయి కనిపించదు, ఎలా పడినా దాని ముల్లు ఒకటి పైకే ఉంటుంది. టైరులో దిగాక వెంటనే గాలి పోదు. ముల్లే రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. టీకొట్టు దగ్గర ఆగి, అయ్యో ఏదో గుచ్చుకుందని లాగేశాక సుయ్యిమంటుంది. అందుచేత ముల్లు కనిపిస్తే ఊరు చేరేదాకా దాన్ని కదిలించకండి. ట్యూబు మార్చేటప్పుడు, లేదా అతుకు వేసేటప్పుడు, టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి ముళ్ల కొసలన్నీ తీశాకే మళ్లీ ఎక్కించండి. ఒకటి వదిలేసినా కొత్త ట్యూబు కూడా పోతుంది. చిల్లకంప కొట్టి రోడ్డు పక్కన పడేసిన చోట దిగి నడిపించుకు వెళ్లడమే మంచిది.

పిల్లలు వదిలేసిన సైకిళ్లంటున్నారు కనుక ముందే ట్యూబులు మార్పించండి. మూలపడి ఉన్న ట్యూబు మడత దగ్గర చీలి ఉంటుంది, ఎండకు పగులుతుంది. టైరు మీద రాసి ఉన్న గరిష్ఠ పీడనం దాకా గాలి కొట్టించకుండా కాస్త తగ్గించి ఉంచండి, గతుకుల రోడ్డు మీద నడుముకూ సుఖం. గొలుసుకు నూనె పూసి, పైకి కారినదాన్ని గుడ్డతో తుడిచేయండి. లేకపోతే రొయ్యల గుంటల దారిలో లేచే ఇసుకంతా దానికే పడుతుంది. అతుకు ముక్కలు, సొల్యూషన్, చిన్న పంపు, రెండు టైరు లీవర్లు గుంపుకు ఒక సంచీలో ఉంటే చాలు. సొల్యూషన్ గొట్టం కిందటేడాదిదైతే మూత తీసి చూడండి, గడ్డకట్టి ఉంటుంది.

వేపపూత (సింగరాయకొండ):

ఇంతవరకు ఎవరూ ఆడవాళ్ల సంగతి ఎత్తలేదు, మీ గుంపులో ఉంటారో లేదో కూడా పినాకిని గారు రాయలేదు. మా అక్కాచెల్లెళ్లం సింగరాయకొండ నుంచి పాకల తీరం వైపు, వల్లూరు వైపు తరచు వెళ్లివస్తుంటాం. మా ఇబ్బంది ఎండ కాదు, మరుగుదొడ్డి. సెలవుల్లో బడులు మూసి ఉంటాయి కనుక ఆ ఆశ పెట్టుకోవద్దు. పెట్రోలు బంకు ఎక్కడుందో చూసుకుని, ఎక్కడెక్కడ ఆగాలో దాన్నిబట్టే నిర్ణయించుకుంటాం. దానికి భయపడి నీళ్లు తాగడం మానేసే అమ్మాయిలున్నారు, వేసవిలో అంతకన్నా ప్రమాదం లేదు.

ఊళ్లలో ఆగితే అరుగు మీది పెద్దమ్మలు పలకరించకుండా వదలరు. ఎవరమ్మాయివి, ఏ ఊరు, ఇంత పొద్దున్నే ఎందుకొచ్చారు, సైకిలు ఎంతైంది, అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పండి. తర్వాత మజ్జిగ వస్తుంది. మొదట్లో నాకిది చిరాకుగా ఉండేది, ఇప్పుడు ఆ ప్రశ్నల కోసమే కొన్ని ఊళ్లలో ఆగుతున్నాను. పొడుగు చేతుల నూలు చొక్కా, మెడ చుట్టూ తడిపి పిండిన తువ్వాలు ఉంటే ఆ తడి ఆరేదాకా ఎండ తెలియదు. చున్నీ మాత్రం నడుముకు గట్టిగా ముడివేయాలి. వెనక చక్రంలో చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పినాకిని_తీరం (నెల్లూరు):

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వేపపూత గారూ, మాతో మా ఇంటావిడ, మా వదిన గారు కూడా వస్తున్నారు, రాయనందుకు క్షమించగలరు. తిండి, నీరు ఎంత మోసుకువెళ్లాలి? దారిలో ఏం తినవచ్చు? మా బావగారికి రక్తపోటు మాత్ర ఉంది, ఆయన రావచ్చునా?

ఓఆరెస్_పొట్లం (పొదలకూరు):

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. వేసవిలో పొలం పనుల నుంచి నేరుగా మా దగ్గరికి తెచ్చే కేసులు చూస్తుంటాను కనుక కాస్త గట్టిగానే చెబుతాను.

రక్తపోటు మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి ఉంటాయి. అవి వాడేవారు ఎండలో చెమట పోయినప్పుడు తొందరగా నీరసపడతారు. మీ బావగారు తన డాక్టరును అడిగి, ఆ తర్వాతే రావాలి. మాత్రను తనంతట తాను మానేసి రావడం అసలే కూడదు. మిగతావారు దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకు నాలుగు గుక్కల చొప్పున తాగుతూ ఉండాలి. మనిషికి లీటరున్నర వెంట ఉంచుకుని, ఊళ్లో చలివేంద్రం కనిపించిన చోటల్లా నింపుకోండి. ఒక ఓఆరెస్ పొట్లం సరిగ్గా ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. సగం పొట్లం గ్లాసులో కలుపుకుని తాగేవారున్నారు, అది మేలు కన్నా కీడే చేస్తుంది. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి, రెండూ గుట్టగా కాకుండా చెంచా అంచుకు సమంగా ఉండాలి. ఉప్పేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు కూడా మంచివే. మా పొదలకూరు నిమ్మకు వేసవిలో ధర ఎక్కువే, అయినా కొనండి.

తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, కండరాలు పట్టేయడం కనిపిస్తే అక్కడికి ఆగిపోవాలి, ఇంకో ఊరు దాకా అనకూడదు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోను చేయండి. తెలివి సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

కానుగ_నీడ (బుచ్చిరెడ్డిపాళెం):

తిండి సంగతి నాకు వదిలేయండి. బయలుదేరే ముందు కడుపునిండా తినకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఉల్లిపాయ నంజుకున్నవాడు తొమ్మిదింటిదాకా ఆకలి అనడు. నెల్లూరు నేతి కారం దోసె తిరిగొచ్చాక తినవలసిన వస్తువు, ముందు తింటే దాహంతో చస్తారు.

దారిలో మే నెలంతా తాటిముంజలు దొరుకుతాయి. గెలను అప్పుడే దించి మీ ఎదుట కొట్టేవాడి దగ్గరే కొనండి. కాయ తల మీద కత్తితో రెండు వేట్లు వేసి చెక్కగానే మూడు కళ్లు బయటపడతాయి. బొటనవేలితో పొడిచి చూసి, వేలు మెత్తగా దిగి నీరు చిందితే లేతది, అదే తినాలి. వేలికి ఎదురుతిరిగేది ముదిరింది, రుచికి ఫరవాలేదు గానీ కడుపులో రాయిలా కూర్చుంటుంది, దానితో సైకిలెక్కితే మీ ఖర్మ. పైపొట్టు వగరని వలిచేస్తారు పట్నంవాళ్లు, మా ఊళ్లో పొట్టుతోనే తింటాం. ఆ కత్తిదెబ్బలు కొట్టే మనిషి పొద్దున్నే చెట్లెక్కి దిగివచ్చినవాడని గుర్తుంచుకుని మరీ గీచి గీచి బేరమాడకండి. కల్లు గురించి అడగబోయేవారికి ముందే చెబుతున్నాను: సైకిలు మీద ఇంటికి వెళ్లాల్సినవారికి అది కాదు.

ఎడగారు (ఇందుకూరుపేట):

రైతుగా కొన్ని విన్నపాలు. కోతల కాలం వెనకాముందుగా ఉంటుంది కాబట్టి ఏప్రిల్లో కూడా రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటారు. అలా ఆరబోయడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. మీరు మాత్రం దాని మీద తొక్కకండి. వడ్ల మీద సన్న టైరు జారుతుంది, పడినవాడికీ పంటకీ నష్టమే. రొయ్యల గుంటల గట్ల మీదికి ఫొటోల కోసం ఎక్కవద్దు. లక్షల పెట్టుబడి పెట్టి, జబ్బు ఎటు నుంచి వస్తుందోనని రాత్రింబవళ్లు కాపలా కాసేవాడికి కొత్త మనిషి గట్టెక్కితే కోపం రావడం సహజం. అడిగితే కాపలా మనిషే దగ్గరుండి చూపిస్తాడు. గొర్రెల మంద ఎదురైతే బెల్లు కొట్టకుండా దిగి నిలబడండి. ఒకటి బెదిరి కాలవలోకి దూకితే మందంతా అదే దారి.

వేగం_ముఖ్యం (ఒంగోలు):

గాలి గురించి ఎడగారు గారు చెప్పింది నిన్న కొత్తపట్నం నుంచి తిరిగివచ్చేటప్పుడు గమనించాను. వెళ్లేటప్పటి వేగంలో సగం కూడా రాలేదు. నింపాదిగా వెళ్లేవారికి సాయంత్రమే సరైన వేళ అని ఒప్పుకుంటున్నాను. కానీ సాయంత్రం మైపాడు వెళితే తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది కదా, దాని గురించి ఎవరూ రాయలేదు.

పంక్చరు_డబ్బా (కావలి):

మంచి ప్రశ్న. మే నెలలో ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. నాలుగున్నరకు బయలుదేరి, ఆ వేగంతో, ఆరున్నరకు మైపాడు చేరేవారు తిరుగు దారి మొత్తం చీకట్లోనే తొక్కాలి. కాబట్టి సైకిలుకు ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేకుండా బయలుదేరవద్దు. వెనక మడ్‌గార్డుకు, పెడళ్లకు మెరిసే అతుకులు అంటించండి. పెడల్ మీద మెరుపు పైకీ కిందికీ కదులుతుంటే అది సైకిలని దూరం నుంచే బండివాడికి తెలుస్తుంది. అందరూ ఒకే వరుసలో వెళ్లాలి, అన్నిటికన్నా నెమ్మది మనిషి ముందుండాలి, దారి తెలిసినవారు చివర ఉండాలి. పిల్లలతో మొదటిసారే ఇది వద్దంటాను. తీరం దాకా వెళ్లకుండా గంట తొక్కి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనుదిరిగితే వెలుతురు ఉండగానే ఇల్లు చేరతారు.

పినాకిని_తీరం (నెల్లూరు):

ఇంట్లో అందరం కూర్చుని చదివాం. వచ్చే ఆదివారం తెల్లవారుజామున అయిదుంబావుకు పళ్లిపాడు. ఆ పై వారం జొన్నవాడ. మైపాడుకు పిల్లలు లేకుండా, దీపాలు కొన్నాక, మే పదో తేదీలోపు ఒక సాయంత్రం. ట్యూబులు మార్చడానికి సైకిళ్లు ఈ సాయంత్రమే షాపులో ఇస్తున్నాం. బావగారు డాక్టరును కలిసేదాకా స్కూటరు మీద నీళ్ల డబ్బాలతో వెనక వస్తానంటున్నారు. ఎడగారు గారూ, ఆదివారం ఆరున్నరకు మీకు వీలైతే ఆశ్రమం దగ్గర కలుద్దాం.

ఎడగారు (ఇందుకూరుపేట):

ఆరున్నరకు నీళ్లు కట్టే పని ఉంది, ఏడింటికి వస్తాను. స్కూటరు ఎలాగూ వస్తోంది కాబట్టి పెద్ద పంపు అందులో వేసుకోమనండి.